కంపెనీ బండిని వెనక్కి పిలిస్తే

దీపాలు పెట్టే వేళ. కోడలు కుట్టుమిషను పక్కన కూర్చుని జాకెట్టుకు హుక్కులు కుడుతోంది. అత్త అరుగు మీద చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. ఇంతలో ఫోను మోగింది. ఏదో మెసేజి వచ్చింది. కోడలు కూడబలుక్కుని పైకి చదివింది.

"మీ స్కూటరు బ్రేకులో ఒక భాగం మార్చవలసి ఉంది. కంపెనీ ఈ రకం బళ్లను వెనక్కి పిలుస్తోంది. దగ్గరలోని సర్వీసు సెంటరుకు తీసుకురండి. డబ్బు కట్టనవసరం లేదు."

అత్త గుండె గుభేలుమంది.

"వెనక్కి పిలవడం ఏమిటే? సంఘంలో అప్పు తీసుకుని కొన్న బండి. ఇంకా వాయిదాలు తీరనే లేదు. ఇప్పుడు పట్టుకుపోతారా?" అంది.

వీధి చివర మెకానిక్కు ఉన్నాడు. కోడలు వెళ్లి అతన్ని అడిగింది. అతను బ్రేకు నొక్కి చూశాడు. "బాగానే పడుతోందక్కా. ఊరికే తిప్పించుకుంటారు. పట్టించుకోకు" అన్నాడు.

అత్తది ఒక భయం. మెకానిక్కుది ఒక ధీమా. రెండూ తప్పే. కంపెనీ బండిని లాక్కోదు. అలాగని ఆ పిలుపును వదిలెయ్యకూడదు. ఎందుకో చూద్దాం.

వెనక్కి పిలవడం అంటే ఏమిటి?

కుట్టుపని తెలిసినవాళ్లకు ఈ సంగతి సులువుగా అర్థమవుతుంది. ఒకే కాగితం కొలత పెట్టి ఇరవై జాకెట్లు కత్తిరించారు అనుకుందాం. ఆ కాగితంలోనే చంక కొలత తప్పు ఉంది. అప్పుడు ఇరవై జాకెట్లకూ అదే తప్పు వస్తుంది. తొడుక్కున్నవాళ్ల తప్పు అందులో ఏమీ లేదు. కుట్టినవాళ్లే అందరినీ పిలిచి సరిచేసి ఇవ్వాలి.

బండి కూడా అంతే. కంపెనీలో ఒకే అచ్చున వేల బళ్లు తయారవుతాయి. ఒక భాగం తయారీలో లోపం ఉంటే, ఆ భాగం వేసిన ఏ బండికైనా ఆ లోపం ఉండవచ్చు. అది ప్రాణాలకు ప్రమాదం అని తెలిస్తే కంపెనీ ఆ బళ్లను పిలుస్తుంది. పరీక్ష చేస్తుంది. లోపం ఉంటే సరిచేస్తుంది. లేదా కొత్త భాగం వేస్తుంది. బండి మళ్లీ మన ఇంటికే వస్తుంది. దీన్నే "రీకాల్" అంటారు. షోరూములో ఈ మాటే వాడతారు. గుర్తు పెట్టుకుంటే మంచిది.

ఇది వింతేమీ కాదు

మన దేశంలో ఇలాంటివి చాలా జరిగాయి.

2024 ఫిబ్రవరిలో యమహా కంపెనీ సుమారు 3 లక్షల స్కూటర్లను పిలిచింది. అవి రే జెడ్ఆర్, ఫాసినో అనే రకాలు. ఆడవాళ్లు కూడా ఎక్కువగా నడిపే బళ్లు. వాటిలో కొన్నింటికి బ్రేకు లివరు సరిగా పనిచెయ్యకపోవచ్చని తేలింది. 2022 జనవరి 1 నుంచి 2024 జనవరి 4 వరకు తయారైన బళ్లకు ఈ పిలుపు వచ్చింది. లివరును ఉచితంగా మారుస్తామని కంపెనీ చెప్పింది.

2021 మే నెలలో రాయల్ ఎన్‌ఫీల్డ్ కంపెనీ 2,36,966 మోటారుసైకిళ్లను పిలిచింది. వాటిలో ఇంజను నిప్పురవ్వకు కరెంటు అందించే కాయిల్‌లో లోపం కనబడింది. పిలిచిన బళ్లన్నింటికీ లోపం ఉన్నట్టు కాదు. పదింటిలో ఒకదానికన్నా తక్కువగానే మార్చవలసి రావచ్చని కంపెనీ అప్పుడు చెప్పింది. కానీ ఆ ఒక్కటి ఏ ఇంటిదో పరీక్ష చేస్తేనే తెలుస్తుంది. అందుకే అన్నింటినీ పిలిచారు.

2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లో ఒక విషాదం జరిగింది. ఒక ఇంట్లో రాత్రి స్కూటరు బ్యాటరీకి ఛార్జింగు పెట్టారు. అది పేలింది. ఇంట్లో ఒక పెద్దాయన చనిపోయారు. ఆ రోజుల్లోనే మరికొన్ని చోట్ల కూడా కరెంటు స్కూటర్లు అంటుకున్నాయి. అదే నెలలో ప్యూర్ ఈవీ కంపెనీ 2,000, ఓకినావా 3,215, ఓలా 1,441 స్కూటర్లను పరీక్షల కోసం పిలిచాయి.

"బండి బాగానే నడుస్తోంది కదా!"

చాలామంది ఇదే మాట అంటారు. వీధి చివర మెకానిక్కు అన్నదీ ఇదే.

కానీ లోపాలన్నీ ముందుగా చెప్పి రావు. ఇనుపముక్కలో చిన్న పగులు ఉంటే పైకి కనబడదు. ఆరు నెలలు బాగానే ఉంటుంది. ఏడో నెలలో లారీ ఎదురైనప్పుడు గట్టిగా నొక్కితే విరుగుతుంది. వైరు అతుకు వదులైనా అంతే. రోజూ మామూలుగానే ఉంటుంది. ఒకరోజు నిప్పు రాజుకుంటుంది.

వీధి మెకానిక్కు పనిమంతుడే కావచ్చు. కానీ వేల బళ్ల ఫిర్యాదులు అతని దగ్గరకు రావు. అవి కంపెనీకి తెలుస్తాయి. కాబట్టి ఈ విషయంలో కంపెనీ మాటే చూడాలి.

ఇది దయ కాదు, చట్టం

2012 జూలై నుంచి మన దేశంలో బళ్ల కంపెనీలు తమకు తాముగా ఒక కట్టుబాటు పెట్టుకున్నాయి. లోపం ఉన్న బళ్లను పిలిచి బాగుచేస్తామని అనుకున్నాయి. అప్పటికి అది చట్టం కాదు.

2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించారు. రీకాల్ గురించి కొత్తగా 110ఏ అనే సెక్షను చేర్చారు. దాని నియమాలు 2021 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చాయి.

ఈ చట్టం ఏం చెబుతోంది?

బండి లోపం వల్ల నడిపేవాళ్లకు గానీ, ఎక్కేవాళ్లకు గానీ, రోడ్డు మీద పోయేవాళ్లకు గానీ హాని ఉంటే, ఆ బళ్లను వెనక్కి పిలవమని కేంద్ర ప్రభుత్వం కంపెనీని ఆదేశించవచ్చు. అప్పుడు కంపెనీ లోపాన్ని బాగుచెయ్యాలి. లేదా వేరే బండి ఇవ్వాలి. లేదా బండి ఖరీదు తిరిగి ఇవ్వాలి. ప్రభుత్వం ఆదేశించేదాకా తెచ్చుకుంటే 10 లక్షల నుంచి 1 కోటి రూపాయల వరకు జరిమానా కూడా ఉంది. లోపాన్ని కంపెనీ తానే చెప్పి బళ్లను పిలిస్తే ఆ జరిమానా ఉండదు. ఈ నియమాలు తయారై ఏడేళ్లు నిండని బళ్లకు వర్తిస్తాయి.

కాబట్టి సర్వీసు సెంటరులో మొహమాటపడనక్కర్లేదు. ఉచితంగా చేయించుకోవడం మన హక్కు.

బండి ఆధార్ నంబరు

మనిషికి ఆధార్ నంబరు ఉన్నట్టే ప్రతి బండికీ ఒక నంబరు ఉంటుంది. దాన్ని చాసిస్ నంబరు అంటారు. నంబరు ప్లేటు మీద ఉండేది ఇది కాదు. చాసిస్ అంటే బండి చట్రం. ఈ నంబరు చట్రం మీద చెక్కి ఉంటుంది. బండి ఆర్.సి. కార్డు మీద కూడా ఉంటుంది. ఆర్.సి.నే కొందరు సి-బుక్కు అంటారు.

ఈ నంబరులో మొత్తం 17 గుర్తులు ఉంటాయి. కొన్ని ఇంగ్లీషు అక్షరాలు, కొన్ని అంకెలు. ఇందులో ఒక సంగతి గమనించాలి. చాసిస్ నంబరులో ఇంగ్లీషు ఓ, ఐ, క్యూ అక్షరాలు వాడరు. గుండ్రంగా కనబడేది ఓ కాదు, సున్నా. నిలువు గీతలా కనబడేది ఐ కాదు, ఒకటి.

ఇంగ్లీషు అక్షరాలు రాకపోతే బడికి వెళ్లే పిల్లల సాయం తీసుకోవచ్చు. నోటుబుక్కులో పెద్దగా రాసుకోవాలి. 17 వచ్చాయో లేదో లెక్కపెట్టుకోవాలి. ఒక్కటి తప్పినా అది వేరే బండి అవుతుంది.

మన బండి పిలుపులో ఉందో లేదో ఈ నంబరే చెబుతుంది. బండి రంగు, మోడలు చూసి చెప్పలేరు. ఒకే రకం బళ్లు రెండు పక్కపక్కనే ఉన్నా, ఒకటి పిలుపులో ఉండవచ్చు, రెండోది ఉండకపోవచ్చు.

ఎలా తెలుసుకోవాలి?

కంపెనీ మెసేజి, ఫోను, ఉత్తరం పంపుతుందని కూర్చోకూడదు. ఫోను నంబరు మారితే మెసేజి రాదు. ఇల్లు మారితే ఉత్తరం రాదు. అడిగి తెలుసుకోవాలి. దారులు ఇవి.

ఒకటి. ఆ కంపెనీ షోరూముకు గానీ సర్వీసు సెంటరుకు గానీ వెళ్లాలి. చాసిస్ నంబరు చూపించాలి. "ఈ బండికి రీకాల్ ఏమైనా ఉందా? చూసి చెప్పండి" అని అడగాలి. వాళ్లు కంప్యూటరులో చూస్తారు.

రెండు. కంపెనీ కస్టమర్ కేర్‌కు ఫోను చెయ్యాలి. ఆ నంబరు బండితో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది.

మూడు. కంపెనీ వెబ్‌సైటులో చూడవచ్చు. రీకాల్ ప్రకటించినప్పుడు చాసిస్ నంబరు కొట్టి చూసుకునే వీలు చాలా కంపెనీలు కల్పిస్తాయి. చదువుకునే పిల్లలు ఫోనులో చూసి పెడతారు.

బండి సర్వీసుకు ఇచ్చిన ప్రతిసారీ ఈ ఒక్క ప్రశ్న అడిగితే చాలు. వేరే పని పెట్టుకోనక్కర్లేదు.

మోసగాళ్లూ ఉంటారు

కోడలికి ఒక అనుమానం వచ్చింది. "ఈ మెసేజి నిజంగా కంపెనీదేనా?" మంచి అనుమానమే. ఈ రోజుల్లో దొంగ మెసేజీలు చాలా వస్తున్నాయి.

ఆమె మెసేజిలో ఉన్న నీలం గీత మీద నొక్కలేదు. అందులోని నంబరుకు ఫోను చెయ్యలేదు. బండి పుస్తకం తీసింది. దాని మీద షోరూము వాళ్ల నంబరు ఉంది. దానికి చేసింది. చాసిస్ నంబరు చదివి చెప్పింది. నిజమేనని వాళ్లు చెప్పారు. ఏ రోజు రావాలో కూడా చెప్పారు.

రీకాల్ పనికి ముందుగా డబ్బు పంపనక్కర్లేదు. ఓటీపీ చెప్పనక్కర్లేదు. బ్యాంకు ఖాతా నంబరుతో పని లేదు. ఎవరైనా ఇవి అడిగితే అది మోసమే. డబ్బు పోతే వెంటనే 1930 నంబరుకు ఫోను చెయ్యాలి.

ఆడపడుచు బండి సంగతి

రాత్రి అన్నాల దగ్గర అత్తకు ఒక మాట గుర్తొచ్చింది.

"అవునే, మన అమ్మాయి దగ్గరున్నదీ ఇదే బండి కదా? దానికి రాలేదా ఈ కబురు?"

కోడలు వెంటనే ఆడపడుచుకు ఫోను చేసింది. "వదినా, నీ బండికి బ్రేకు గురించి మెసేజి ఏమైనా వచ్చిందా?"

"లేదే! నాకేమీ రాలేదు. రోజూ ఇద్దరు పిల్లల్నీ దాని మీదే బడికి దింపుతున్నాను" అంది వదిన.

రాకపోవడానికి కారణం ఉంది. ఆ బండి ఆమె పాతది కొన్నది. ఆర్.సి. ఇంకా మొదటి యజమాని పేరునే ఉంది. కంపెనీ దగ్గర అతని ఫోను నంబరే ఉంది. మెసేజి అతనికి వెళ్లి ఉంటుంది. బండి అమ్మేశాను కదా అని అతను ఊరుకుని ఉంటాడు.

పాత బండి కొన్నవాళ్లు చాలామంది పేరు మార్పించుకోరు. పోలీసు పట్టుకున్నప్పుడు చూద్దాంలే అనుకుంటారు. కానీ పేరు మారకపోతే ఇలాంటి పిలుపు కూడా అందదు. బండి కొన్న 30 రోజుల లోపల రవాణా ఆఫీసులో పేరు మార్పు కోసం పెట్టుకోవాలని చట్టం చెబుతోంది. ఊళ్లలో దీన్ని బ్రేకు ఇన్‌స్పెక్టరు ఆఫీసు అంటారు. అక్కడ ఫోను నంబరు కూడా మార్పించుకోవాలి. సర్వీసు సెంటరులోనూ కొత్త పేరు, నంబరు రాయించాలి.

రీకాల్ బండికి గానీ యజమానికి కాదు. చేతులు మారిన బండికి కూడా ఉచితంగానే చెయ్యాలి. వారంటీ అయిపోయినా రీకాల్ పనికి డబ్బు తీసుకోకూడదు.

సర్వీసు సెంటరులో

వెళ్లే ముందు ఫోను చేసి రోజు, టైము అడగాలి. కావలసిన భాగం వచ్చిందో లేదో కనుక్కోవాలి. లేకపోతే కూలి పోగొట్టుకుని ఊరికే తిరిగి రావాలి.

ఆర్.సి. తీసుకెళ్లాలి. వచ్చిన మెసేజి ఉంటే చూపించాలి.

బండి ఇచ్చినప్పుడు జాబ్ కార్డు అనే కాగితం రాస్తారు. అందులో "రీకాల్ పని" అని రాయించాలి. సంతకం పెట్టే ముందు చదవాలి. అర్థం కాకపోతే చదివి చెప్పమని అడగాలి. ఇందులో సిగ్గేమీ లేదు. వేరే పనులు కూడా రాసి బిల్లు వేస్తే, "ఇవి నేను చెప్పలేదు" అనాలి. ఆయిలు మార్చడం, కడగడం రీకాల్‌లోకి రావు. కావాలంటేనే చేయించుకోవాలి.

బండి తీసుకునేటప్పుడు ఏ భాగం మార్చారో అడగాలి. మార్చినట్టు కాగితం తీసుకోవాలి. అక్కడే కొంచెం దూరం నడిపి చూసుకోవాలి. ఆ కాగితం ఆర్.సి.తో పాటు భద్రంగా దాచాలి. రేపు బండి అమ్మినప్పుడు పనికొస్తుంది.

భాగం దొరికేవరకు ఏం చెయ్యాలి? "అంతవరకు బండి నడపవచ్చా?" అని సూటిగా అడగాలి. లోపం బ్రేకులో గానీ, హ్యాండిలులో గానీ, పెట్రోలు కారడంలో గానీ ఉంటే బండి తియ్యకపోవడమే మేలు. నాలుగు రోజులు బస్సుకో ఆటోకో అయ్యే ఖర్చు ఆసుపత్రి ఖర్చు ముందు ఎంత?

కరెంటు స్కూటరు బ్యాటరీకి పిలుపు వస్తే పని పూర్తయ్యేవరకు ఇంట్లో ఛార్జింగు పెట్టకూడదు. ఏం చెయ్యాలో కంపెనీని అడగాలి. మామూలు రోజుల్లో కూడా పడుకునే గదిలో, వాకిలికి అడ్డంగా ఛార్జింగు పెట్టడం మంచిది కాదు. రాత్రంతా వదిలెయ్యకూడదు. బ్యాటరీ ఉబ్బినా, పొగ వచ్చినా, వాసన వచ్చినా దూరంగా జరగాలి. ఫైరింజనుకు 101 లేదా 112కు ఫోను చెయ్యాలి.

డబ్బు అడిగితే, చెయ్యమంటే

ముందుగా కంపెనీ కస్టమర్ కేర్‌కు చెప్పాలి. వాళ్లు ఇచ్చే ఫిర్యాదు నంబరు రాసుకోవాలి. పని జరగకపోతే 1915కు ఫోను చెయ్యాలి. ఇది వినియోగదారుల కోసం ప్రభుత్వం నడిపే నంబరు. తెలుగులో మాట్లాడవచ్చు.

అప్పటికీ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. వకీలు లేకుండా తానే చెప్పుకోవచ్చు. వస్తువు కొన్న ఖరీదు 5 లక్షల రూపాయల లోపు ఉంటే ఫీజు లేదు. ఫిర్యాదు రెండేళ్ల లోపల ఇవ్వాలి. కాగితాలు దాచుకోమనేది ఇందుకే.

ఇంకొక సంగతి ఉంది. కొన్నిసార్లు లోపం ముందుగా బయటపడేది బండి నడిపేవాళ్లకే. బ్రేకు ఒకే విధంగా మళ్లీ మళ్లీ జారిపోతుంటే, అదే రకం బండి ఉన్న పక్కింటివాళ్లకూ అలాగే జరుగుతుంటే, కంపెనీకి రాతపూర్వకంగా చెప్పాలి. కేంద్ర రవాణా శాఖ వాహన్ వెబ్‌సైటులో కూడా ఇలాంటి ఫిర్యాదు నమోదు చెయ్యవచ్చు. ఒకే లోపం మీద తగినన్ని ఫిర్యాదులు వస్తే ప్రభుత్వం విచారణ చేయిస్తుంది. నలుగురూ చెబితేనే అది రీకాల్ దాకా వెళుతుంది. ఒక ఊరి స్త్రీ రాసిన నాలుగు ముక్కలు ఎక్కడో ఇంకొక తల్లిని కాపాడవచ్చు.

రెండు బళ్లూ బాగుపడ్డాయి

ఆ శనివారం కోడలు బండి తీసుకుని టౌనుకు వెళ్లింది. వదిన తన బండి నడపలేదు. టాటా మ్యాజిక్ బండిలో ఎక్కించి తెచ్చింది. దాని చాసిస్ నంబరు కూడా పిలుపులో ఉందని షోరూములో తేలింది.

కౌంటరు దగ్గర అబ్బాయి, "ఈ బండి మీ పేరున లేదమ్మా" అన్నాడు.

"పేరు మార్పుకు సోమవారం పెడతాను. లోపం బండిలో ఉంది కదా బాబూ, పేరులో కాదు కదా!" అంది వదిన.

అతను నవ్వి జాబ్ కార్డు రాశాడు. కోడలు దాన్ని చివరిదాకా చదివింది. తరవాతే వదిన సంతకం పెట్టింది. మధ్యాహ్నానికి రెండు బళ్లకూ కొత్త భాగాలు పడ్డాయి. పైసా ఖర్చు కాలేదు.

ఆ వారం సంఘం మీటింగులో కోడలు ఈ సంగతి చెప్పింది. సంఘంలో ఆరుగురి ఇళ్లలో బళ్లు ఉన్నాయి. ఆరుగురూ ఆర్.సి.లు తెచ్చారు. అందరూ కలిసి 17 గుర్తులూ ఒక పుస్తకంలో రాసుకున్నారు.

గుర్తుంచుకోవలసినవి

రీకాల్ అంటే బండిని లాక్కోవడం కాదు. లోపాన్ని ఉచితంగా సరిచెయ్యడం.

బండి బాగా నడుస్తున్నా పిలుపు వస్తే వెళ్లాలి.

చాసిస్ నంబరు ఇంట్లో రాసి పెట్టుకోవాలి.

పాత బండి కొంటే పేరు, ఫోను నంబరు మార్పించుకోవాలి.

ఓటీపీ చెప్పకూడదు. ముందుగా డబ్బు పంపకూడదు.

ఇబ్బంది వస్తే 1915.

ఈ రాత్రి చెయ్యవలసిన పని: ఇంట్లో బండి ఉంటే ఆర్.సి. బయటికి తియ్యండి. చాసిస్ నంబరు రాయండి. 17 ఉన్నాయో లేదో లెక్కపెట్టండి. రేపు షోరూముకు ఫోను చేసి అడగండి.